కమ్యూనిటీ కాలేజీలో మాన్యుఫాక్చరింగ్ టెక్నాలజీ: అబ్బాయిని చేర్పించవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీరు మిషిగన్‌లో, డెట్రాయిట్ శివారు నోవైలో ఉంటున్నారు. దంపతులిద్దరిదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. గ్రీన్ కార్డులు వచ్చి రెండేళ్లయింది. పెద్దబ్బాయి హైస్కూలు చివరి సంవత్సరంలో ఉన్నాడు. స్కూలు రోబోటిక్స్ జట్టులో మూడేళ్లు పనిచేసిన తర్వాత, యూనివర్సిటీకి దరఖాస్తు చేయనని, దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల మాన్యుఫాక్చరింగ్ టెక్నాలజీ కోర్సులో చేరతానని పట్టుబట్టాడు. ఇది మన ఐటీఐ లాంటిదేనా, చదువు అక్కడితో ఆగిపోతుందా, చేర్పించమంటారా అని మీ సందేహం. ఏ ల్యాప్‌టాప్ కొనాలని కూడా చివర్లో అడిగారు.

చేర్పించండి. అయితే ఆ కాలేజీ వర్క్‌షాపును మీరిద్దరూ కలిసి వెళ్లి కళ్లారా చూసిన తర్వాతే. గణితం వదలనని అబ్బాయి మీకు మాట ఇచ్చిన తర్వాతే. ఈ రెండూ ఎందుకు అంటున్నానో వివరంగా చెబుతాను.

ముందు నా సంగతి. విజయవాడలో పాలిటెక్నిక్ మెకానికల్ డిప్లొమా చేసి, హైదరాబాదు బాలానగర్‌లో ఒక టూల్‌రూమ్‌లో (అచ్చులు, పనిముట్లు తయారుచేసే చోట) తొమ్మిదేళ్లు పనిచేశాను. నా భార్య నర్సు. ఆమెకు వచ్చిన గ్రీన్ కార్డు మీద 2003లో ఇద్దరం మిషిగన్ వచ్చాం. ఇక్కడ మొదట దొరికింది ప్రెస్సు దగ్గర విడిభాగాలు పెట్టి తీసే పని. సాయంత్రాలు కమ్యూనిటీ కాలేజీకి వెళ్లి, రెండేళ్ల డిగ్రీని నాలుగేళ్లకు పూర్తిచేశాను. తర్వాత టూల్ మేకర్‌ని అయ్యాను, ఇప్పుడు మాన్యుఫాక్చరింగ్ ఇంజనీర్‌ని. పదకొండేళ్లుగా వారంలో రెండు సాయంత్రాలు ఇదే కోర్సు పాఠాలు చెబుతున్నాను. మీ అబ్బాయి లాంటి పిల్లలను ప్రతి ఆగస్టులోనూ చూస్తుంటాను.

ఐటీఐతో పోల్చారు కాబట్టి ఆ లెక్క తేల్చుకుందాం. మన ఐటీఐలో ఫిట్టర్, టర్నర్, మెషినిస్టు అని వేర్వేరు ట్రేడులుంటాయి. ఒక్కొక్కటి రెండేళ్లు. పదో తరగతి తర్వాత చేరే పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్లు, అందులో చేతిపని కంటే డ్రాయింగు, సిద్ధాంతం ఎక్కువ. ఇక్కడి కోర్సు ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. అసోసియేట్ ఆఫ్ అప్లైడ్ సైన్స్ అనే ఈ డిగ్రీకి సుమారు 60 క్రెడిట్లు కావాలి. ఇంగ్లీషు, సామాజిక శాస్త్రం లాంటివి కొన్ని తీసేస్తే మిగిలినదంతా లేత్ (ముక్కను తిప్పుతూ కోసే యంత్రం), మిల్లింగ్ (తిరిగే పనిముట్టుతో కోయడం), గ్రైండింగ్, కొలతలు, బ్లూప్రింట్ చదవడం, సీఎన్‌సీ (కంప్యూటరు నడిపే యంత్రాల) ప్రోగ్రామింగ్, లోహాల గుణాలు. డిగ్రీ అక్కర్లేదనుకుంటే రెండు మూడు సెమిస్టర్లలో ముగిసే సర్టిఫికెట్లు కూడా ఉంటాయి. మన దగ్గర ఐటీఐ అంటే "మార్కులు రానివాడు చేరేది" అనే ముద్ర ఒకటి పడిపోయింది. ఆ ముద్ర అక్కడ కూడా అన్యాయమే. దాన్ని విమానమెక్కించి ఇక్కడికి తీసుకురావద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను. నా తరగతిలో బయాలజీలో బీఎస్ (నాలుగేళ్ల డిగ్రీ) చేసి వచ్చినవాళ్లూ ఉన్నారు, సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లూ ఉన్నారు.

ఇంతకీ ఈ ఫీజుతో మీరు నిజంగా కొంటున్నదేమిటి? యంత్రం ముందు గడిపే గంటలు. పక్కన పని తెలిసినవాడు నిలబడి ఉండగా, తప్పు చేసినా ఉద్యోగం పోని గంటలు. సీఎన్‌సీ యంత్రానికి ఆదేశాలిచ్చే జీ-కోడ్ ఇంటర్నెట్‌లో ఉచితంగా నేర్చుకోవచ్చు. లక్ష డాలర్ల యంత్రాన్ని పద్దెనిమిదేళ్ల కుర్రాడి చేతికి ఇచ్చి "కానియ్యి" అనేవాళ్లు బయట ఎవరూ దొరకరు. అందుకే కాలేజీని భవనం చూసి కాకుండా ఈ గంటలు చూసి ఎంచుకోవాలి.

క్రెడిట్లను చూసి మాత్రం మోసపోవద్దు. నాలుగు క్రెడిట్ల కోర్సు అని రెండు కాలేజీలూ చెబుతాయి. ఒక కాలేజీలో దానికి వారానికి ఆరు గంటలు వర్క్‌షాపు ఉంటుంది, మరోచోట రెండే గంటలు ఉండి మిగిలినదంతా ఉపన్యాసం. "వారానికి ల్యాబ్ ఎన్ని గంటలు, ఒక సెక్షన్‌లో ఎంతమంది, లేత్‌లు ఎన్ని పనిచేస్తున్నాయి" అని సూటిగా అడగండి. పద్దెనిమిది మందికి ఆరు లేత్‌లంటే ఒక్కొక్కరికి మూడో వంతు సమయమే దక్కుతుంది. "ఓపెన్ ల్యాబ్" పేరుతో శుక్రవారాలో శనివారాలో తలుపు తెరిచే కాలేజీ దొరికితే, అది అరగంట దూరమైనా అక్కడే చేర్పించండి. మీ ప్రాంతంలో స్కూల్‌క్రాఫ్ట్, ఓక్లండ్, హెన్రీ ఫోర్డ్, మేకాంబ్ కాలేజీలు కారులో వెళ్లి చూసి రాగల దూరంలోనే ఉన్నాయి. నాలుగూ చూడండి. తరగతి నడిచే రోజు సాయంత్రం వెళ్లండి. పరిచయ దినాన నేల అద్దంలా మెరుస్తుంది, దాన్నిబట్టి మీకు ఏమీ తెలియదు. మామూలు రోజున లోహపు రజను నేల మీద ఉందా, యంత్రాల మీద "పనిచేయదు" అనే కాగితాలు ఎన్ని వేలాడుతున్నాయి, బోధకుడు కుర్చీలో ఉన్నాడా, విద్యార్థి భుజం వెనక ఉన్నాడా, ఇవి చూడండి.

మొదటి సెమిస్టరు గురించి మీ అబ్బాయికి ముందే చెప్పి ఉంచండి. రోబోటిక్స్ జట్టు నుంచి వచ్చిన పిల్లలు మొదటి రోజే సీఎన్‌సీ ముందు నిలబడతామనుకుంటారు. మేము ఆకురాయి ఇస్తాం. ఉక్కు ముక్కను ఆకురాయితో చదును చేసి, మూలమట్టం ఆనించి దీపానికి ఎదురుగా పట్టుకుంటే సందులోంచి వెలుగు కనిపించకూడదు. ఆ తర్వాత చేత్తో తిప్పే లేత్, చేత్తో తిప్పే మిల్లు. చాలా కాలేజీల్లో ఒకటి, రెండు, మూడు అంగుళాల కొలతలతో ఉక్కు దిమ్మ ఒకటి చేయిస్తారు. దాన్ని గట్టిపరచి, గ్రైండింగ్ చేసి, ఆరు ముఖాలూ ఒకదానికొకటి కచ్చితంగా లంబంగా రావాలి. చూడటానికి ఇటుక ముక్కలా ఉంటుంది. అది సరిగ్గా రావడానికి నెల పడుతుంది. నా విద్యార్థుల్లో పదేళ్ల కిందట చేసిన దిమ్మను ఇప్పటికీ పనిముట్ల పెట్టెలో పెట్టుకుని వాడేవాళ్లున్నారు.

ఈ కోర్సులో నేర్పేది ఎలాంటి విద్యో ఒక్క ఉదాహరణతో చెబుతాను. రెండేళ్ల కిందట ఒక కుర్రాడు లేత్ మీద మూడు అంగుళాల వ్యాసం గల అల్యూమినియం ముక్క తిప్పుతున్నాడు. అంగుళంలో వెయ్యో వంతులో సగం అటూ ఇటూ మాత్రమే తేడా ఉండవచ్చు. కూలెంట్ (కోతలో వేడిని తగ్గించే ద్రవం) లేకుండా కోస్తున్నాడు. ఆపి, మైక్రోమీటరుతో కొలిచాడు. 3.0003 వచ్చింది. ముఖం వెలిగిపోయింది. నేను ఏమీ అనలేదు, ముక్కను రాత్రంతా బల్ల మీద ఉంచమన్నాను. మర్నాడు అదే మైక్రోమీటరుతో కొలిస్తే 2.9988. పనికిరాని ముక్క! రాత్రికి రాత్రి ఎవరూ దాన్ని అరగదీయలేదు. కోసేటప్పుడు ముక్క గది కంటే సుమారు 40 ఫారన్‌హీట్ డిగ్రీలు వేడెక్కింది. అల్యూమినియం ఒక్కో డిగ్రీకి, ప్రతి అంగుళానికి, అంగుళంలో పది లక్షల వంతుల్లో సుమారు 13 వంతులు వ్యాకోచిస్తుంది. మూడు అంగుళాలకు, 40 డిగ్రీలకు లెక్క వేయండి: వెయ్యో వంతుకు ఒకటిన్నర రెట్లు. అంటే 38 మైక్రాన్లు. అందుకే ప్రపంచమంతటా కొలతలకు 20 సెంటిగ్రేడ్ డిగ్రీలను ప్రామాణిక ఉష్ణోగ్రతగా పెట్టుకున్నారు. ఆ సంగతి వాడికి ఇంటర్ ఫిజిక్సు స్థాయిలో తెలిసిందే, పరీక్షలో రాసిందే. కానీ ఆ ఉదయం బల్ల ముందు నిలబడి లెక్క తానే వేసుకున్నప్పుడు వాడి కళ్లలో కనిపించినది వేరు. మీ అబ్బాయి కోరుకుంటున్నది బహుశా అదే. చదువు వద్దని కాదు, చేతికి తగిలే చదువు కావాలని.

ఇప్పుడు గణితం సంగతి. మీ రెండో ప్రశ్నకు, అంటే చదువు ఆగిపోతుందా అన్నదానికి జవాబు ఇందులోనే ఉంది.

మన దగ్గర డిప్లొమా చేసినవాడు ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరతాడు కదా. ఇక్కడ అలాంటి పరీక్ష లేదు. కాలేజీకీ యూనివర్సిటీకీ మధ్య ముందే కుదిరిన ఒప్పందాన్ని బట్టి ఏ కోర్సులు బదిలీ అవుతాయో తేలుతుంది. అప్లైడ్ సైన్స్ డిగ్రీలోని వర్క్‌షాపు కోర్సులు మామూలు మెకానికల్ ఇంజనీరింగ్ బీఎస్‌కు చాలావరకు లెక్కలోకి రావు. ఇంజనీరింగ్ టెక్నాలజీ బీఎస్‌కు చాలా బాగా వస్తాయి. మన మిషిగన్‌లోనే బిగ్ రాపిడ్స్‌లోని ఫెరిస్ స్టేట్ యూనివర్సిటీలో మాన్యుఫాక్చరింగ్ ఇంజనీరింగ్ టెక్నాలజీ బీఎస్ ఉంది. ఇంజనీరింగ్, ఇంజనీరింగ్ టెక్నాలజీ అనే ఈ రెండు డిగ్రీల పేర్లు దగ్గరగా ఉండటంతో తల్లిదండ్రులు ఒకటే అనుకుని మూడో ఏట తెల్లబోతుంటారు.

ఇక మెషినింగ్ కోర్సులో పెట్టే "టెక్నికల్ మ్యాథ్" ఉద్యోగానికి సరిపోతుంది కానీ యూనివర్సిటీ దాన్ని గణితంగా ఒప్పుకోకపోవచ్చు. దాని బదులు కాలేజీ ఆల్జీబ్రా, త్రికోణమితి, వీలైతే కాలిక్యులస్ ఒకటి తీసుకోమనండి. త్రికోణమితి ఎలాగూ రోజూ వాడతాడు, కోణాన్ని కచ్చితంగా అమర్చే సైన్ బార్ కింద గేజ్ దిమ్మలు ఎంత ఎత్తు పెట్టాలో అదే చెబుతుంది. దీనివల్ల ఒక సెమిస్టరు ఎక్కువ పట్టవచ్చు. పట్టనివ్వండి. ఇరవై ఏళ్ల వయసులో "నాకు చాలు" అన్నవాడు ఇరవై ఆరేళ్లకు "ముక్కను కదలకుండా పట్టి ఉంచే ఈ ఫిక్స్‌చర్ డిజైన్ చేసేవాడిని నేనే ఎందుకు కాకూడదు" అంటాడు. నేనూ అలాగే అన్నాను. అప్పటికి నాకు కాలిక్యులస్ లేదు. పిల్లలు నిద్రపోయాక వంటగది బల్ల మీద కూర్చుని మొదటినుంచి నేర్చుకోవాల్సి వచ్చింది.

డబ్బు విషయం త్వరగా ముగిస్తాను, ఎందుకంటే ఇక్కడ మీకు పెద్ద కష్టం లేదు. మీ జిల్లా కాలేజీ అయితే ఫీజు తక్కువ, పక్క జిల్లాది అయితే ఎక్కువ. మిషిగన్‌లో 2023 నుంచి హైస్కూలు పూర్తిచేసినవారికి కమ్యూనిటీ కాలేజీ గ్యారంటీ అనే పథకం ఉంది, దానికి ఫాఫ్సా (విద్యార్థుల ఆర్థిక సాయం కోసం ఫెడరల్ ప్రభుత్వానికి పెట్టే) దరఖాస్తు తప్పనిసరి. మీ ఇద్దరి జీతాలకు, తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలకు ఇచ్చే ఫెడరల్ పెల్ గ్రాంటు రాదు, అయినా ఫాఫ్సా నింపండి. సీఎన్‌సీ యంత్రాలు తయారుచేసే హాస్ కంపెనీ వ్యవస్థాపకుడి పేరిట ఉన్న జీన్ హాస్ ఫౌండేషన్ ఈ కోర్సుల విద్యార్థులకే ప్రత్యేకంగా స్కాలర్‌షిప్పులు ఇస్తుంది. కాలేజీ తరఫున ఇస్తుంది కాబట్టి బోధకుడిని అడగాలి. అప్పు చేయించి చేర్చుకునే ప్రైవేటు ట్రేడ్ స్కూళ్ల వైపు మాత్రం వెళ్లవద్దు.

ఫీజు కంటే పెద్ద విషయం అప్రెంటిస్‌షిప్. డిగ్రీ చేతికి వచ్చేవరకు ఆగనక్కర్లేదు. రెండు సెమిస్టర్లు అయ్యాక, అంటే బ్లూప్రింట్ చదవడం, కొలవడం వచ్చాక, కంపెనీలను అడగడం మొదలుపెట్టవచ్చు. మెషినిస్టు అప్రెంటిస్‌షిప్ మామూలుగా 8,000 పని గంటలు, నాలుగేళ్లు. కార్మిక శాఖ దగ్గర నమోదైన అప్రెంటిస్‌షిప్‌కు ఏటా కనీసం 144 గంటల తరగతి చదువు కూడా ఉండాలన్నది వాళ్ల సిఫార్సు. జీతం వస్తూనే ఉంటుంది, చాలా కంపెనీలు కాలేజీ ఫీజు కూడా కడతాయి. సంతకం చేసే ముందు ఒక్క వాక్యం వెతకండి: మధ్యలో మానేస్తే ఫీజు తిరిగి కట్టాలా, ఎన్నాళ్లవరకు కట్టాలి? నా విద్యార్థి ఒకడు అది చదవకుండా సంతకం చేసి, వేరే ఊరు వెళ్లాల్సి వచ్చినప్పుడు వేల డాలర్లు కట్టాడు.

ఇప్పుడు కష్టాలు. దాచి చెబితే మీకు మేలు చేసినట్టు కాదు.

కొత్తవాళ్లకు దొరికేది ఎక్కువగా రెండో షిఫ్టు. మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పదకొండు. స్నేహితులు, పండుగలు, పెళ్లిళ్లు అన్నీ ఆ గంటల్లోనే ఉంటాయి. సిమెంటు నేల మీద రోజంతా నిలబడాలి. మంచి బూట్లు లేకపోతే ముప్పై ఏళ్లకే మోకాళ్లు మాట్లాడతాయి. కూలెంట్ కొందరి చర్మానికి పడదు. వీటన్నిటికంటే నేను ఎక్కువగా భయపడేది మరొకదానికి. కొన్ని వర్క్‌షాపుల్లో కుర్రాళ్లను తలుపు తెరవడం, ముక్క మార్చడం, పచ్చ బటను నొక్కడం, ఇంతకే కట్టిపడేస్తారు. చేతిలో డబ్బు ఆడుతుంది కాబట్టి వాళ్లు కూడా కదలరు. ఏడాది దాటినా సెటప్ (కొత్త పనికి యంత్రాన్ని, పనిముట్లను సిద్ధం చేయడం) చేయనివ్వని చోట మీ అబ్బాయిని ఉండనివ్వకండి. సెటప్ చేసేవాడికీ బటను నొక్కేవాడికీ జీతంలో తేడా మొదట కొద్దిగానే ఉంటుంది, పదేళ్లకు చాలా పెరిగిపోతుంది.

ఇది అలలా లేచి పడే రంగం కూడా. 2009 ఏప్రిల్ 30న క్రైస్లర్, జూన్ 1న జనరల్ మోటార్స్ దివాలా పిటిషన్లు వేశాయి. అప్పుడు నేను పనిచేస్తున్న చిన్న డై (లోహాన్ని ఆకారంలోకి నొక్కే అచ్చు) వర్క్‌షాపు వాటి పనుల మీదే బతికేది. ఒక శుక్రవారం మధ్యాహ్నం మమ్మల్నందరినీ పిలిచి తాళాలు తీసుకున్నారు. ఏడు నెలలు ఇంట్లో ఉన్నాను. చివరికి నన్ను తీసుకున్నది ఎముకల శస్త్రచికిత్సలో వాడే పనిముట్లు చేసే చోటు. టైటానియం ఎప్పుడూ కోయలేదు, కానీ కాలేజీలో కోత వేగం ఎందుకు, ఎలా లెక్క వేస్తారో నేర్చుకున్నాను కాబట్టి వాళ్లు ఇంటర్వ్యూలో అడిగినదానికి కాగితం మీద లెక్క వేసి చూపించగలిగాను. కార్ల విడిభాగాలు మాత్రమే చేయడం వచ్చినవాళ్లు నాతో పాటే బయటపడి, ఇంకా ఎక్కువ కాలం ఖాళీగా ఉన్నారు. కోర్సులో "ఎందుకు" అని చెప్పే తరగతులు విసుగ్గా ఉన్నాయని మీ అబ్బాయి అంటే ఈ సంగతి చెప్పండి.

ఇది చదివే మరికొందరి కోసం వీసా గురించి కూడా రాస్తున్నాను. మీకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఈ ఇబ్బందులు లేవు. హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లలు ఈ కోర్సులో చదువుకోవచ్చు కానీ పనిచేయలేరు, కాబట్టి జీతంతో కూడిన అప్రెంటిస్‌షిప్ కుదరదు. 21 ఏళ్లు నిండితే హెచ్-4 ముగుస్తుంది. తర్వాత హెచ్-1బి కావాలంటే ఆ ఉద్యోగానికి కనీసం నాలుగేళ్ల డిగ్రీ అవసరమై ఉండాలి, రెండేళ్ల డిగ్రీ దానికి సరిపోదు. అలాంటి ఇంట్లో అయితే నేరుగా నాలుగేళ్ల ఇంజనీరింగ్ టెక్నాలజీలో చేర్చమనే చెబుతాను. యుద్ధ విమానాలు, రక్షణ పరికరాలు చేసే వర్క్‌షాపులు ఐటార్ అనే ఎగుమతి నియమాల కిందికి వస్తాయి. అక్కడి డ్రాయింగులు చూడాలన్నా మామూలుగా పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి. పని అనుమతి ఉన్న హెచ్-4 జీవిత భాగస్వాములకు కూడా ఆ తలుపు తెరుచుకోదు. అచ్చంగా ఈ కోర్సు కోసమే ఇండియా నుంచి ఎఫ్-1 విద్యార్థి వీసా మీద రావాలనుకునే తమ్ముళ్లు దయచేసి రాకండి. బాలానగర్‌లో 1968 నుంచి కేంద్ర ప్రభుత్వ సంస్థ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ నడుస్తోంది. నేను చూసిన మంచి టూల్ మేకర్లలో చాలామంది ఆ గేటులోంచి వచ్చినవాళ్లే.

అమ్మాయిలకు పనికొస్తుందా అని మీ ప్రశ్న కింద ఒకరు అడిగారు. నిస్సందేహంగా. గుంటూరు నుంచి వచ్చిన ఒకామె నలభై ఒకటో ఏట నా తరగతిలో చేరారు. అంతకుముందు ఇంట్లో బట్టలు కుట్టేవారు. కుట్టుపనిలో అలవాటైన ఓపిక ఆమెకు కొలతల విభాగంలో అక్కరకొచ్చింది. ఇప్పుడు కోఆర్డినేట్ కొలత యంత్రం మీద తనిఖీ చేస్తున్నారు, ఆమె సంతకం లేకుండా ముక్క బయటికి వెళ్లదు. ఒకే ఒక్క హెచ్చరిక, ఇది అబ్బాయిలకూ వర్తిస్తుంది: తిరిగే యంత్రం దగ్గర ఉంగరం, గాజులు, గొలుసు, వదులు చేతుల చొక్కా, చేతి తొడుగులు ఏవీ ఉండకూడదు, జుట్టు ముడి వేసి ఉండాలి. ఆమె మంగళసూత్రాన్ని తీసి చిన్న డబ్బాలో పెట్టి లాకరులో దాచి లోపలికి వచ్చేవారు. మొదటి రోజు ఆమెకు అది ఎంత కష్టమైందో నేను చూశాను. అయినా ఈ నియమానికి మినహాయింపు ఇవ్వను, ఎవరికీ ఇవ్వకూడదు.

ఇక ల్యాప్‌టాప్. ఇప్పుడే కొనకండి. మొదటి సెమిస్టరులో దానితో పనిలేదు, డిజైన్ కోర్సులకు కాలేజీ ల్యాబ్‌లోనే కంప్యూటర్లుంటాయి. రెండో ఏడు కొనాల్సి వస్తే విండోస్‌దే కొనండి, ఈ కోర్సుల్లో వాడే డిజైన్ సాఫ్ట్‌వేర్ సాలిడ్‌వర్క్స్, సీఎన్‌సీ ప్రోగ్రాములు తయారుచేసే మాస్టర్‌క్యామ్ రెండూ విండోస్ కోసం చేసినవే. ఆ డబ్బులో కొంత పెట్టి ముందు గట్టి ముక్కు ఉన్న భద్రతా బూట్లు, కళ్లద్దాలు, ఆరు అంగుళాల ఉక్కు స్కేలు, ఒక అంగుళం వరకు కొలిచే మంచి మైక్రోమీటరు కొనండి. మైక్రోమీటరు మిటుటోయోదో స్టారెట్‌దో అయితే వాడిన సరుకైనా పర్వాలేదు. కొనేముందు రెండు కొసలు ఆనించి సున్నా సరిగ్గా వస్తోందో లేదో చూసుకోమనండి. చూడటం రాకపోతే మొదటి వారం తరగతికి తెమ్మనండి, ఎవరైనా చూపిస్తారు.